భవనాల మధ్య వైర్‌లెస్ లింకు

ఒక భవనంలోని కంప్యూటర్ నెట్‌వర్కును కొంత దూరంలో ఉన్న మరొక భవనంలోని నెట్‌వర్కుతో తీగ లేకుండా, రేడియో తరంగాల ద్వారా కలిపే ఏర్పాటును భవనాల మధ్య వైర్‌లెస్ లింకు అంటారు. రెండు భవనాల పైకప్పులపైనా ఒక్కొక్క రేడియో, ఒకే దిశలో తరంగాలను పంపే ఒక్కొక్క ఆంటెన్నా ఎదురెదురుగా ఉంటాయి. కళాశాలను వసతి గృహంతో, ఆసుపత్రిని దాని శాఖతో, కర్మాగారాన్ని గోదాముతో కలపడానికి ఈ పద్ధతిని వాడుతారు.

రాగి ఈథర్‌నెట్ కేబులు ఒక్క పరుగులో 100 మీటర్లకు మించి పనిచేయదు. ఆప్టికల్ ఫైబర్ ఎన్నో కిలోమీటర్లు పోగలదు గానీ, మధ్యలో రోడ్డు, రైలు మార్గం, కాలువ లేదా ఇతరుల స్థలం ఉంటే త్రవ్వడానికి అనుమతి దొరకడం కష్టం. అటువంటి చోట్ల వైర్‌లెస్ లింకు ఒకటి రెండు రోజుల పనితో సిద్ధమవుతుంది. అయితే పెట్టెలో వచ్చే రేడియో ఈ పనిలో సులువైన భాగం. లింకు ఏళ్ళ తరబడి నిలుస్తుందా లేదా అన్నది దారి ఎంపిక, స్తంభం దృఢత్వం, విద్యుత్తు, ఎర్తింగ్ అనే వాటిపైనే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

కంప్యూటర్లను రేడియో ద్వారా కలిపిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది 1971లో హవాయి విశ్వవిద్యాలయం నడిపిన అలోహానెట్. సముద్రం అడ్డుగా ఉన్న దీవులలోని ప్రాంగణాలను అది ఒకటిగా చేసింది. 1985లో అమెరికా ప్రభుత్వం కొన్ని పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది. 1997లో 802.11 ప్రమాణం, 1999లో దాని 'బి' రూపం వెలువడ్డాయి. వై-ఫై అని పేరు పొందిన ఈ ప్రమాణాన్ని ఇంటి లోపలి వాడకం కోసం రూపొందించారు. దానికే పెద్ద ఆంటెన్నా తగిలించి కిలోమీటర్ల దూరం పంపవచ్చునని త్వరలోనే తేలింది. 2007లో వెనిజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి బృందం రెండు పర్వతాల మధ్య 382 కి.మీ. దూరం ఈ విధంగా లింకు నెలకొల్పింది.

భారతదేశంలో ఐ.ఐ.టి. కాన్పూరు వారు 'డిజిటల్ గంగెటిక్ ప్లెయిన్' పేరుతో ఉత్తర ప్రదేశ్ గ్రామాల మధ్య ఇటువంటి లింకులను పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం ప్రాంతంలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో గ్రామాలను వై-ఫై ద్వారా కలిపి, పాఠాలను, వైద్య సలహాలను వీడియో ద్వారా అందించే ప్రయత్నం చేసింది. గోదావరి డెల్టా సమతలం. కొండలు లేవు, కొబ్బరి చెట్లకు కొదవ లేదు. అటువంటి నేలపై చెట్ల తలలు దాటేంత ఎత్తు కావాలంటే స్తంభాలు నిలబెట్టక తప్పదు. ఈ రెండు ప్రయత్నాల అనుభవాలను భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2007లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. రేడియో పరికరం కంటే దానిని నిలబెట్టే స్తంభానికే ఎక్కువ ఖర్చవుతుందన్నది అందులో ముఖ్యమైన అంశం. తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రిని గ్రామీణ దృష్టి కేంద్రాలతో కలిపిన లింకులు మరొక పాఠం నేర్పాయి. అక్కడి పరికరాలను ఎక్కువగా దెబ్బతీసింది నాణ్యత లేని విద్యుత్ సరఫరా. లింకు తెగితే అక్కడ ఆగిపోయేది గ్రామంలో కూర్చున్న రోగికి వైద్యుడితో జరిగే సంభాషణ. పైకప్పు మీది చిన్న లోపాన్ని చిన్నదిగా చూడకూడదనడానికి ఇదే కారణం.

అనుమతులు

1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద రేడియో పరికరాలకు లైసెన్సు అవసరమయ్యేది. 2005 జనవరిలో 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల పట్టీని ఆరుబయట వాడకానికి కూడా లైసెన్సు నుండి మినహాయించారు. అప్పుడు 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగం భవనాల లోపలి వాడకానికే పరిమితం. 2018 అక్టోబరులో ఆ పట్టీని కూడా ఆరుబయటకు విస్తరించారు. లైసెన్సు లేదంటే హద్దు లేదని అర్థం కాదు; ఆంటెన్నా నుండి వెలువడే ఫలిత శక్తికి పట్టీని బట్టి పరిమితి ఉంటుంది. 5.6 గిగాహెర్ట్జ్ పరిసరాలలో వాతావరణ రాడార్లు కూడా పనిచేస్తాయి. 2009లో ప్యూర్టోరికోలోని శాన్‌హువాన్ విమానాశ్రయపు వాతావరణ రాడారుకు ఆరుబయటి వైర్‌లెస్ పరికరాల వలన అంతరాయం కలిగింది. కనుక పరికరంలో దేశం పేరును సరిగా ఎంచుకోవాలి. ఎక్కువ శక్తి కోసం వేరే దేశం పేరు పెట్టే అలవాటు కొందరిలో ఉన్నది. అది చట్టవిరుద్ధం, అపాయకరం కూడా.

దారి పరిశీలన

ఒక మేడపై నిలుచుని చూస్తే రెండవ మేడ కనబడుతున్నది కనుక లింకు పనిచేస్తుందని చాలామంది భావిస్తారు. అది సగం నిజం మాత్రమే. రేడియో తరంగం దారం వలె సన్నని గీతలో ప్రయాణించదు. రెండు ఆంటెన్నాల మధ్య, నడుమ లావుగా, చివరలు సన్నగా ఉండే కండె ఆకారపు ప్రదేశాన్ని ఆక్రమిస్తుంది. కాంతి తరంగాలను అధ్యయనం చేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ (1788–1827) పేరు మీద దీనిని ఫ్రెనెల్ మండలం అంటారు. ఈ మండలంలోకి చెట్టు, నీటి ట్యాంకు, పిట్టగోడ చొచ్చుకొని వస్తే, ఎదుటి భవనం కంటికి స్పష్టంగా కనబడుతున్నా సంకేతం క్షీణిస్తుంది.

దూరాన్ని కిలోమీటర్లలో తీసుకొని, గిగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగించి, వర్గమూలం కట్టి, 8.66తో గుణిస్తే మధ్యబిందువు వద్ద మొదటి ఫ్రెనెల్ మండలపు వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. 1 కి.మీ. దూరానికి ఇది 2.4 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 5.6 మీటర్లు, 5.8 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 3.6 మీటర్లు. ఇందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలన్నది ఆచరణలోని నియమం. అంటే 5.8 గిగాహెర్ట్జ్ వద్ద దృష్టి రేఖకు దిగువన, మధ్య దారిలో, 2.2 మీటర్ల మేర ఏ అడ్డూ ఉండకూడదు. భూమి వంపును భవనాల మధ్య దూరాలకు లెక్కించనక్కరలేదు, 10 కి.మీ. లింకుకు మాత్రం మధ్యలో మరొక 1.5 మీటర్ల ఎత్తు కలుపుకోవలసి ఉంటుంది.

చెట్ల విషయంలో ఋతువును గమనించాలి. ఆకురాలిన మాఘ ఫాల్గుణాలలో బిగించిన లింకు చక్కగా పనిచేసి, ఉగాది దాటి వేప, రావి చిగిర్చాక బలహీనపడవచ్చు. ఆకులలోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. వర్షంలో తడిసిన ఆకులు మరింతగా పీల్చుకుంటాయి. చెట్టు ఇంకా ఎంత పెరుగుతుందో కూడా అంచనా వేసుకోవాలి. నీరు నిలిచిన వరిచేల మీదుగా పోయే పొడవైన లింకులలో నీటిపై పరావర్తనం చెందిన తరంగం, నేరుగా వచ్చిన తరంగంతో వ్యతికరణం చెంది సంకేతాన్ని తగ్గించవచ్చు.

లింకు లెక్క

పని మొదలుపెట్టక ముందే, అవతలి చివర ఎంత సంకేతం అందాలో కాగితంపై కట్టవచ్చు. డెసిబెల్‌లలో లెక్కిస్తే ఇది కేవలం కూడిక, తీసివేత. 1 మిల్లీవాటును సున్నాగా తీసుకునే కొలతను డిబిఎం అంటారు. ఉదాహరణకు ఒక కళాశాలకు, 1 కి.మీ. దూరంలోని వసతి గృహానికి మధ్య 5.8 గిగాహెర్ట్జ్ లింకు అనుకుందాం. 100 మిల్లీవాట్ల రేడియో అంటే 20 డిబిఎం. దానికి 16 డెసిబెల్‌ల గెయిన్ ఉన్న ఆంటెన్నా కలిపితే 36 డిబిఎం, అంటే సుమారు 4 వాట్ల ఫలిత శక్తి. ఖాళీ ఆకాశంలో 1 కి.మీ. ప్రయాణానికి నష్టం సుమారు 108 డెసిబెల్‌లు. అవతలి ఆంటెన్నా మరల 16 కలుపుతుంది. అందవలసిన సంకేతం సుమారు మైనస్ 56 డిబిఎం. కోరిన వేగానికి రేడియోకు కనీసం మైనస్ 75 కావాలంటే 19 డెసిబెల్‌ల మిగులు ఉన్నట్లు. ఈ మిగులే చెడ్డ రోజులలో లింకును కాపాడుతుంది.

లెక్క వలన మరొక ప్రయోజనం ఉన్నది. బిగించిన తరువాత మైనస్ 56కు బదులు మైనస్ 73 వచ్చిందనుకుందాం. లింకు పనిచేస్తూనే ఉంటుంది, తప్పు దాగి ఉంటుంది. లెక్క కట్టినవారికి మాత్రమే ఎక్కడో పొరపాటు జరిగిందని తెలుస్తుంది.

స్తంభం, భద్రత

ఆంటెన్నాను సాధారణంగా జి.ఐ. పైపుకు క్లాంపులతో బిగిస్తారు. పైపు నిటారుగా ఉన్నదో లేదో రసమట్టంతో చూడాలి. ఎత్తు ఎక్కువైతే మూడు వైపులా ఊత తీగలు కట్టాలి. కోస్తా ప్రాంతంలో తుఫాను గాలులను దృష్టిలో ఉంచుకుని పెద్ద డిష్‌కు బదులు గాలి దూరిపోయే జాలీ డిష్‌ను ఎంచుకోవడం మేలు. నీటి ట్యాంకు పైపులకు, వదులైన పిట్టగోడకు ఆంటెన్నాను కట్టరాదు.

ఈ పనిలో ప్రాణాపాయం రేడియో వలన కాక విద్యుత్ తీగల వలన కలుగుతుంది. ఇళ్ళ ప్రక్క నుండి పోయే 11 కిలోవోల్టుల తీగలకు చాలావరకు తొడుగు ఉండదు. పైకెత్తుతున్న ఇనుప పైపు చేయి జారి వాటిని తాకితే పట్టుకున్నవారందరికీ ప్రమాదమే. తాకకున్నా, మరీ దగ్గరకు పోయినప్పుడు కూడా విద్యుత్తు దూకవచ్చు. పైపు ఏ వైపు పడినా తీగకు అందనంత దూరంలోనే స్తంభం నిలబెట్టాలి. అటువంటి చోటు ఆ కప్పుపై లేకపోతే లింకును వేరే కప్పుపైకి మార్చుకోవాలి. గాలివానలో, మబ్బు ఉరుముతున్నప్పుడు, ఒంటరిగా పైకప్పు ఎక్కరాదు.

కేబులు, విద్యుత్తు, ఎర్తింగ్

ఇప్పటి పరికరాలలో రేడియో ఆంటెన్నా వెనుకనే ఉంటుంది. విద్యుత్తు, సమాచారం రెండూ ఒకే ఈథర్‌నెట్ కేబులులో పైకి పోతాయి. దీనిని పవర్ ఓవర్ ఈథర్‌నెట్ అంటారు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం సుమారు 48 వోల్టులు వాడుతుంది. కొన్ని తయారీలు 24 వోల్టుల సొంత పద్ధతి వాడుతాయి. ఒకదాని అడాప్టరును మరొకదానికి తగిలిస్తే పరికరం కాలిపోవచ్చు. పైన వాడే కేబులు ఎండకు తట్టుకునే నల్లని తొడుగు, లోపల లోహపు కవచం ఉన్నదై ఉండాలి. ఇంటి లోపలి కేబులు తొడుగు ఎండకు పెళుసై పగిలిపోతుంది. కేబులు గోడలోకి ప్రవేశించే ముందు క్రిందికి ఒక వంపు తిప్పితే వాననీరు ఆ వంపు నుండి కారిపోతుంది, లోపలికి రాదు. కోతులు తిరిగే ఊళ్ళలో కేబులును పైపు గుండా పోనివ్వాలి.

స్తంభాన్ని మందపాటి రాగి తీగతో భవనపు ఎర్తింగ్‌కు కలపాలి. కేబులుకు రేడియో దగ్గర ఒకటి, భవనంలోకి ప్రవేశించే చోట ఒకటి సర్జ్ రక్షక పరికరాలు పెట్టాలి. నేరుగా పడిన పిడుగును ఇవి ఆపలేవు. సమీపంలో పడిన పిడుగు వలన కేబులులో పుట్టే వోల్టేజీ నుండి కాపాడుతాయి. మేడపై పిడుగు నిరోధక కడ్డీ ఉంటే ఆంటెన్నా దాని కొన కంటే దిగువన ఉండాలి. రెండు భవనాల ఎర్తింగ్‌ల మధ్య వోల్టేజీ తేడా ఉన్నప్పుడు రాగి కేబులు ఆ తేడాను మోసుకొచ్చి పరికరాలను చెడగొడుతుంది. వైర్‌లెస్ లింకుకు ఈ బెడద లేదు.

దిశ సరిచూడటం

60 సెం.మీ. డిష్ 5.8 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 6 డిగ్రీల వెడల్పు గల కిరణాన్ని మాత్రమే పంపుతుంది. ప్రతి చివరా ఒక మనిషి ఉండి, ఫోనులో మాట్లాడుకుంటూ, ఒకసారి ఒక్కరే కదపాలి. ముందు ప్రక్కలకు, పిమ్మట పైకి క్రిందికి త్రిప్పి, సంకేతం గరిష్ఠమై మరల తగ్గే వరకు చూసి, గరిష్ఠం వద్దకు తిరిగి రావాలి. ప్రధాన కిరణానికి ఇరువైపులా బలహీనమైన ఉపకిరణాలు ఉంటాయి. వాటిలో ఒకదానిని పట్టుకుని అదే గరిష్ఠమని భ్రమపడటం సర్వసాధారణమైన పొరపాటు. దానిని పట్టి ఇచ్చేది పైన కట్టిన లెక్కే. రెండు చివరలా ధ్రువణం ఒకటిగా ఉండాలి. ఒకటి నిలువు, మరొకటి అడ్డం అయితే సంకేతంలో ఎక్కువ భాగం పోతుంది.

అమరికలు

ఒక రేడియోను యాక్సెస్ పాయింటుగా, రెండవ దానిని స్టేషనుగా, రెండింటినీ బ్రిడ్జి పద్ధతిలో అమర్చుతారు. దూరం అమరికను మరువరాదు. రేడియో తరంగం 1 కి.మీ. పోవడానికి సుమారు 3.3 మైక్రోసెకన్లు పడుతుంది. జవాబు రావడానికి తగినంత సేపు రేడియో వేచి ఉండకపోతే, పంపిన దానినే మరల మరల పంపుతూ వేగం పడిపోతుంది. పెట్టెపై వ్రాసిన వేగంలో నిజంగా అందేది తరచు సగానికి దగ్గరగా ఉంటుంది. రహస్య సంకేతనానికి డబ్ల్యుపిఏ2 లేదా 2018లో వచ్చిన డబ్ల్యుపిఏ3 వాడాలి; 2001 నాటికే ఛేదించబడిన డబ్ల్యుఈపీని వాడరాదు.

లింకు పూర్తయిన రోజున వచ్చిన సంకేతపు విలువను, ఆంటెన్నా దిశను, ఫోటోలను వ్రాసి ఉంచితే తరువాత వచ్చినవారికి ఉపయోగపడుతుంది. ఏటా నైరుతి ఋతుపవనాలకు ముందు క్లాంపుల తుప్పు, కేబులు తొడుగు, ఎర్తింగ్ చూసుకోవాలి.

ఇతర పద్ధతులు

60 గిగాహెర్ట్జ్ లింకులు ఎక్కువ వేగం ఇస్తాయి గానీ గాలిలోని ఆక్సిజన్ వాటిని కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్‌ల చొప్పున పీల్చుకుంటుంది, భారీ వర్షం మరింత తగ్గిస్తుంది. కాంతి పుంజాలతో కలిపే పద్ధతి కూడా ఉన్నది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ, ఆల్ఫాబెట్ సంస్థకు చెందిన ఎక్స్ విభాగం కలిసి రాష్ట్రంలో 2,000 కాంతి లింకుల పథకాన్ని ప్రకటించాయి. కాంతి లింకులకు వర్షం కంటే పొగమంచు పెద్ద అడ్డంకి.

ఇవి కూడా చూడండి

వై-ఫై, ఆంటెన్నా, ఈథర్‌నెట్, ఆప్టికల్ ఫైబర్, డెసిబెల్, పిడుగు