ఆలుగడ్డకు నీరు, నత్రజని

గోలకొండ కోటకు ఉత్తరమున షేక్‌పేట కలదు. కుతుబ్‌షాహీల నాటి సరాయి నేటికిని అచట నిలిచియున్నది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ చుట్టుపట్ల రాతిగుట్టలమీద జూబిలీహిల్స్, ఫిలింనగర్ వెలసి తెలుగు చలనచిత్రములకు నిలయమైనవి. ఆ గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు రాయి. మేడల పునాదులకు ఆ రాయి ఎంత అనుకూలమో, దానినుండి పుట్టిన నేల పైరుకు అంత కష్టము. ఎండకు, వానకు రాయి చితికి ఎర్రని చల్కా నేల ఏర్పడును. అందు ఇసుక పాలు ఎక్కువ. పడిన నీరు త్వరగా క్రిందికి దిగిపోవును. మరియొక లోపము కంటికి కనబడదు. గ్రానైటునందు పొటాషియము కలదు గాని నత్రజని దాదాపు లేదు. నేలలోని నత్రజని ముఖ్యముగా గాలినుండి జీవులద్వారా చేరవలసినదే.

ఇట్టి నేలను నమ్ముకొన్నవారు రెండు లోపములను తీర్చవలసి వచ్చెను. హైదరాబాదు ప్రాంతమున ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకే. కావున పూర్వులు వాగులకు కట్టలు వేసి చెరువులు నిర్మించిరి. గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన దుర్గం చెరువు అట్టిదే. వేసవిలో చెరువు ఎండినపుడు అడుగున నిలిచిన పూడికమట్టిని బండ్లతో చేలకు తోలుట, గొర్రెల మందలను చేలలో నిలుపుట తెలంగాణ రైతుల ఆచారము. పూడికలోని బంకమన్ను నీటిని పట్టి ఉంచును. అందు క్రుళ్లిన ఆకు అలములు నత్రజనినిచ్చును. ఫలము వారికి తెలియును. కారణము తెలియుటకు మాత్రము చాలకాలము పట్టినది.

కారణమునకై అన్వేషణ

వాన్ హెల్మాంట్ అను శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో 200 పౌన్ల ఎండుమట్టి నింపి, విల్లో మొక్కను నాటి, ఐదేండ్లు నీరు మాత్రమే పోసెను. చెట్టు 164 పౌన్లు పెరిగెను. మట్టి తగ్గినది 2 ఔన్సులు. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తలచెను. ఆయన మరణానంతరము, 1648లో, ఈ సంగతి అచ్చయ్యెను. గాలి ఆయన లెక్కలోనికి రాలేదు. ఆ రెండు ఔన్సులను ఆయన పట్టించుకొనలేదు.

1699లో ఇంగ్లండున జాన్ వుడ్‌వర్డ్ పుదీనా మొక్కలను వాననీటిలోను, థేమ్స్ నది నీటిలోను, తోటమట్టి కలిపిన నీటిలోను పెంచి తూచి చూచెను. మట్టి కలిసిన నీటిలో మొక్క బాగుగా పెరిగెను. నీటివెంట మరేదియో మొక్కలోనికి పోవుచున్నదని తేలినది.

అందు ముఖ్యమైనది నత్రజని. గాలినుండి, వాననుండి వచ్చు అమ్మోనియా పైరుకు చాలునని జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1840 ప్రాంతమున వాదించెను. 1843లో రోథామ్‌స్టెడ్‌నందు లాస్, గిల్బర్టులు మొదలిడిన పొలపు పరీక్షలు గోధుమకు నత్రజని ఎరువు వేయక తప్పదని చూపినవి. 1886లో హెల్‌రీగల్, పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని అందించునని వెల్లడించెను. కందికి ఆ సదుపాయము కలదు; ఆలుగడ్డకు లేదు. 1909లో హేబర్ గాలిలోని నత్రజనిని హైడ్రోజనుతో కలిపి అమ్మోనియా చేసెను. 1913లో బాష్ ఆ పద్ధతిని కర్మాగారమునకు తెచ్చెను. మన దేశమున సింద్రీ కర్మాగారము 1951లో పని ప్రారంభించెను. తెలంగాణలోని రామగుండము ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి మొదలిడి, 1999లో మూతపడెను. 2021లో అచట క్రొత్త కర్మాగారము పనిచేయసాగెను.

ఆలుగడ్డ చెప్పు పాఠము

ఆండీస్ పర్వతములలో పుట్టిన ఈ దుంప 16వ శతాబ్దమున ఐరోపాకు, పిదప మన దేశమునకు వచ్చినది. కోస్తావారికి ఇది బంగాళాదుంప, రాయలసీమవారికి ఉర్లగడ్డ, తెలంగాణవారికి ఆలుగడ్డ. 1949లో పాట్నాలో స్థాపింపబడి, 1956లో సిమ్లాకు మారిన కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ మన శీతోష్ణస్థితికి తగిన రకములను సృష్టించినది. 1968లో వెలువడిన కుఫ్రీ జ్యోతి వానిలో నొకటి. షేక్‌పేటకు పడమట, జహీరాబాదు ప్రాంతమున దీనిని చలికాలపు పంటగా పండింతురు.

దుంపలో ముప్పాతిక భాగమునకు పైగా నీరే. ఒక టన్ను దుంపలతో కూడిన పైరు సుమారు 4, 5 కిలోల నత్రజనిని గ్రహించును. మొదట ఆ నత్రజని ఆకును పెంచును. ఆకు ఎండను పట్టి పిండిపదార్థము తయారుచేయును. అది దుంపలోనికి దిగును. నత్రజని చాలనిచో ఆకు చిన్నదై త్వరగా పండిపోవును. మితిమీరినచో ఆకే ఏపుగా పెరుగుచుండును, దుంప ఊరుట ఆలస్యమగును. చలికాలము చిన్నదైన మన సీమలో ఆ ఆలస్యము పెద్ద నష్టము.

నీరు తగ్గినచో ఆకురంధ్రములు మూసికొని, బొగ్గుపులుసు గాలి లోనికి రాదు. పిండిపదార్థము తయారు కాదు. అంతేకాదు, నత్రజని నైట్రేటు రూపమున నీటిలో కరిగియే వేరును చేరును. నేల ఎండినచో వేసిన యూరియా పైరుకందదు. నీరు ఎక్కువైనచో నైట్రేటు వేరు దాటి దిగిపోవును. ఆలుగడ్డ వేరు లోతుగా పోదు గనుక దానిని తిరిగి పట్టజాలదు. కనుక చల్కా నేలలో తక్కువ నీటిని తరచుగా పెట్టుట, నత్రజనిలో సగము నాటునపుడు, తక్కినది బోదెలకు మట్టి ఎగదోయునపుడు వేయుట మేలు.

పైరు వదలిన నైట్రేటు నశించదు, బావిలోనికి చేరును. త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని భారత ప్రమాణము. తెలంగాణలో పెక్కు బావుల నీరు ఆ హద్దు దాటినది. ఎరువుతోపాటు మురుగునీరును దీనికి కారణమే. ఇట్టి నీరు పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. రైతు డబ్బు పెట్టి కొన్న యూరియా అతని బిడ్డ త్రాగునీటిలో తేలుట ఎంత విపరీతము!

ఉపాధ్యాయులు దీనిని బడిలోనే చూపవచ్చును. అడుగున చిల్లులున్న నాలుగు డబ్బాలలో ఎర్రమట్టి నింపి, మొలకెత్తిన ఆలుగడ్డ ముక్కలు నాటవలెను. రెండింటికి చిటికెడు యూరియా వేసి, వానిలో ఒకదానికి చాలినంత నీరు, మరియొకదానికి కొద్ది నీరు పోయవలెను. యూరియా లేని రెండింటికిని అట్లే చేయవలెను. ఆరు వారముల పిదప మొక్కలను పెకలించి, ఆకును, దుంపను వేరువేరుగా తూచి వ్రాసికొన్నచో, వాన్ హెల్మాంట్ విడిచిన రెండు ఔన్సుల విలువ విద్యార్థులకు త్రాసుమీదనే తెలియును.