పీనసము – వాయుకోటరముల కథ

దొరవారిసత్రమునకు సమీపమున నేలపట్టు పక్షి రక్షణ కేంద్రము కలదు. నెల్లూరు జిల్లాలోనిదైన ఈ మండలము 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఈశాన్య ఋతుపవనముల వానలు పడి చెరువు నిండగనే గూడబాతులు వచ్చి నీటిచెట్లపై గూళ్ళు కట్టుకొనును. అంత పెద్ద పక్షి ఆకాశమున తేలికగా తిరుగుటకు తోడ్పడు విషయములలో, దాని యెముకలలో పెక్కు గాలితో నిండియుండుట ఒకటి. మనుష్యుని పుర్రెలోను ఇట్టి గాలిగదులు కలవు. చెక్కిళ్ళ వెనుక, నొసటిలో, కన్నుల నడుమ, పుర్రె అడుగున నాలుగు జతలుగా నున్న ఈ వాయుకోటరములనే సైనసులందురు. వానకాలమున పట్టిన పడిశము పలువురికి వారము పది దినములలో తగ్గును. కొందరికి నెలలు గడచినను తగ్గదు. ముక్కు మూసికొనిపోవుట, చీమిడి గొంతులోనికి జారుట, ముఖమున బరువు, వాసన తెలియకుండుట దాని లక్షణములు. దీనినే మన పెద్దలు పీనసమనిరి.

ఈ రోగము క్రొత్తది కాదు. సుశ్రుత సంహిత 31 నాసారోగములను లెక్కించినది. అశ్రద్ధ చేసిన పడిశము ముదిరి మొండి రోగమగునని ఆ గ్రంథకర్త గ్రహించెను. అయితే చీమిడి ఎచ్చటనుండి వచ్చుచున్నది? రెండవ శతాబ్దికి చెందిన వైద్యుడు గేలెన్, మెదడులోని మలినమే పుర్రె అడుగు రంధ్రములగుండ ముక్కులోనికి దిగునని చెప్పెను. ఐరోపా దీనిని శతాబ్దుల కొలది నమ్మినది. 1660 ప్రాంతమున జర్మనుడు కాన్రాడ్ విక్టర్ ష్నైడర్, శ్లేష్మము ముక్కులోని పొరలోనే పుట్టునని నిరూపించి ఈ నమ్మకమును తొలగించెను.

కోటరముల ఉనికి అంతకు ముందే కొందరికి తెలియును. లియొనార్డో డా విన్సి 1489లో పుర్రెను కోసి చూచి వానిని చిత్రించెను. 1651లో ఆంగ్ల వైద్యుడు నథానియల్ హైమోర్, చెక్కిలి కోటరమును వర్ణించుచు ఒక వింత ఉదంతము వ్రాసెను. కోరపన్ను తీయించుకొనిన ఒక స్త్రీకి ఆ గుంటనుండి ద్రవము కారుచుండెను. ఆమె అందులోనికి ఒక పక్షి ఈకను ఈనె మాత్రము మిగిల్చి దూర్చగా, అది దాదాపు పూర్తిగ లోనికి పోయినది. ఈక మెదడును చేరినదని ఆమె భయపడెను. అది కోటరములో చుట్టుకొని యున్నదే కాని మెదడును తాకలేదని హైమోర్ ఆమెకు ధైర్యము చెప్పెను.

తరువాత వైద్యుల దృష్టి చీమును వెలికి తీయుటపై నిలిచినది. 18వ శతాబ్ది తొలినాళ్ళలో విలియం కౌపర్ పన్ను పీకి ఆ గుంటగుండ చీము తీయు పద్ధతిని తెలిపెను. 1893లో న్యూయార్కులో జార్జి కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో హెన్రీ లూక్, పై దంతముల మీది యెముకను తొలిచి కోటరమును తెరచిరి. రోగగ్రస్తమైన పొరను గీకివేసి, ముక్కులోనికి దిగువన క్రొత్త రంధ్రము చేసిరి. దీనివలన ఎందరికో ఉపశమనము కలిగినది. అయినను కొందరికి రోగము తిరిగి వచ్చుచునే యుండెను.

కారణము కోటరపు నిర్మాణములోనే యున్నది. చెక్కిలి కోటరపు సహజద్వారము అడుగున గాక పైభాగమున నుండును. కనుక నిలుచున్న మనుష్యునిలో శ్లేష్మము తనంత తాను కారిపోదు. పొరపై నున్న సూక్ష్మమైన శైలికలు దానిని ఆ ద్వారము వైపునకే నెట్టును. క్రింద వేరొక రంధ్రము చేసినను అవి పాత త్రోవను విడువవు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున వాల్టర్ మెస్సర్‌క్లింగర్ దీనిని నిశితముగ పరిశీలించి, 1978లో గ్రంథముగ ప్రకటించెను. ద్వారము మూసికొనిపోయినపుడే రోగము స్థిరపడును. ద్వారము తెరచిన పొర చాలవరకు తానే కోలుకొనును. హెరాల్డ్ హాప్‌కిన్స్ 1959లో రూపొందించిన కటకదండముల దూరదర్శిని, 1970 తరువాత వచ్చిన సి.టి. స్కానింగు దీనికి తోడైనవి. 1985 నుండి అంతర్దర్శిని శస్త్రచికిత్స ప్రపంచమంతట వ్యాపించినది.

సూక్ష్మజీవి నాశకముల మాట యేమి? భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలను నడపిన లెడర్లీ ప్రయోగశాలలో, బెంజమిన్ డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి ఔషధములలో అదియే మొదటిది. ఇట్టివి తీవ్రమైన అంటురోగములలో ప్రాణదాతలు. కాని 12 వారములకు మించి నిలిచిన పీనసములో ప్రధానమైనది సూక్ష్మజీవి కాదు, పొర వాపు. దుమ్ము, పొగ, ఎలర్జీ, ఉబ్బసము, ముక్కులోని కండలు దీనికి తోడగును. వైద్యుని సలహా లేక మాటిమాటికి ఈ మందులు వాడినచో వాపు తగ్గదు. సూక్ష్మజీవులు మాత్రము మందుకు లొంగకుండ తయారగును.

నేడు మొదటి చికిత్స ఉప్పునీటితో ముక్కు కడుగుట, వైద్యుడు సూచించిన స్టెరాయిడ్ తుంపరమందు వాడుట. కడుగు నీరు కాచి చల్లార్చినదై యుండవలెను. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయినీటితో ముక్కు కడుగుకొనిన ఇద్దరు అమీబా మెదడునకు ప్రాకి మరణించిరి. ముక్కు తెరచుటకు వాడు చుక్కలమందు కొద్ది దినములకు మించి వాడిన, ముక్కు మరింత మూసికొనిపోవును. కన్ను వాచినను, చూపు చెదరినను, తీవ్రమైన తలనొప్పితో మెడ బిగిసినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ఒక్క ప్రక్కనే ముక్కు మూసికొని రక్తము వచ్చుచున్నచో పరీక్ష తప్పనిసరి.

మెదడు మలినమని కొందరును, గీకివేయవలసిన చీమని కొందరును తలచిన రోగమిది. మూసిన వాకిలిని తెరచి, పొరను కాపాడిన చాలునని తెలియుటకు ఇన్ని శతాబ్దములు పట్టినది.