రేటింగ్‌లో దాగిన వివక్ష

హోటల్ వంటగదికీ కస్టమర్ గుమ్మానికీ మధ్య ఇప్పుడు యాప్ ఉంది. ఏ ఆర్డర్ ఎవరికి వెళ్లాలో, ఎంత ముట్టాలో అదే తేలుస్తుంది. తెచ్చే మనిషి పేరు ముందే కస్టమర్ ఫోన్‌లో కనిపిస్తుంది. పేరును బట్టి కులం ఆరా తీసే సమాజం మనది.

2022 జూన్‌లో లక్నోలో ఒక దళిత డెలివరీ కార్మికుడు, తన పేరు విన్న కస్టమర్ భోజనం తీసుకోకుండా ముఖంపై ఉమ్మి, కొట్టాడని ఫిర్యాదు చేశాడు. పోలీసులు కేసు నమోదు చేశారు.

2024 మార్చి 19న జొమాటో 'ప్యూర్ వెజ్' ఆర్డర్లకు విడిగా ఒక బృందాన్ని, ఆకుపచ్చ యూనిఫాంను ప్రకటించింది. ఇది మడి, మైలకు కొత్త రూపమేనన్న విమర్శలు రావడంతో మర్నాడే యూనిఫాంను వెనక్కి తీసుకుంది. బృందాన్ని మాత్రం ఉంచింది.

దాడి జరిగితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) కింద కేసు పెట్టొచ్చు. అదే వివక్షతో ఎవరైనా ఒక్క స్టారే ఇస్తే? అది వట్టి అంకెగా మిగులుతుంది. రేటింగ్ పడిపోతే ఐడీ బ్లాక్ అవుతుందన్న భయంతో కార్మికులు అవమానాన్ని దిగమింగుతారు. కంపెనీలు వారిని పిలిచేది మాత్రం 'పార్ట్‌నర్' అని.

గిగ్ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో దేశంలోనే తొలి చట్టం చేసింది. కర్ణాటక 2025 చట్టం ప్రకారం పని నుంచి తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పి, 14 రోజుల నోటీసివ్వాలి. ఈ రక్షణ అన్ని రాష్ట్రాలకూ రావాలి. రేటింగ్‌పై చర్యకు ముందు కార్మికుడి మాట వినాలి. కులం పేరుతో అవమానించిన కస్టమర్ ఖాతానే మూసేయాలి.