మజిలీ నియమాలు: సత్రం నుంచి హైవే విడిది దాకా

దారిన పోయేవారికి నీడ, నీరు, రాత్రి తలదాచుకునే చోటు కల్పించడం మన దేశంలో పాలకులూ సంపన్నులూ పుణ్యం కోసం చేసిన పని. కానీ కట్టడం లేచినంత మాత్రాన విడిది నడవదు. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎన్నాళ్లు ఉండనివ్వాలి, తలుపు ఎప్పుడు వేయాలి, పోయిన వస్తువుకు జవాబుదారీ ఎవరు అన్న ప్రశ్నలు ప్రతి కాలంలోనూ వచ్చాయి. వాటికి దొరికిన జవాబులు శాసనాల్లో, యాత్రికుల రాతల్లో, ఆ తర్వాత చట్టాల్లో కనిపిస్తాయి. నీళ్లివ్వాలా వద్దా అన్నదానిపై పేచీ తక్కువే. ఆ నీళ్లు ఏ కుండలోంచి, ఎవరి చేతి మీదుగా అన్నదగ్గరే నియమాలు బిగుసుకున్నాయి.

అశోకుడు తన ఏడో స్తంభ శాసనంలో బాటల వెంట మర్రిచెట్లు నాటించానని, మామిడితోపులు వేయించానని, నిర్ణీత దూరాల్లో బావులు తవ్వించి విడిదులు ఏర్పరచానని చెప్పుకున్నాడు. పశువులకూ మనుషులకూ సుఖం కలగాలన్నది ఉద్దేశం. ఆ విడిదుల్లో ఎవరెలా మసలాలన్న ప్రస్తావన అక్కడ లేదు.

తెలుగు నేలపై ప్రవేశం గురించి స్పష్టంగా మాట్లాడిన పాత రాత మల్కాపురం శాసనం. 1261లో, కాకతి రుద్రమదేవి కాలంలో, గుంటూరు సీమలోని మందడం దగ్గర విశ్వేశ్వర శివాచార్యుడు నడిపిన గోళకీ మఠానికి సంబంధించినది ఇది. మఠంతోపాటు పాఠశాల, ప్రసూతిశాల, వైద్యశాల, అన్నసత్రం ఉండేవి. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని శాసనం నిర్దేశించింది. అందరికీ అన్నం అంటే అందరికీ ఒకే పంక్తి అని కాదు. అయినా రాతిమీద చెక్కిన ఈ మాట, ఆ తర్వాతి శతాబ్దాల సత్రాల అలవాట్లతో పోల్చి చూస్తే, ఉదారమైనదే.

ఉత్తరాదిన సరాయిలను ఒక వ్యవస్థగా తీర్చిన పేరు షేర్ షాకు దక్కింది. ఆయన పాలన 1540 నుంచి 1545 దాకా ఐదేళ్లే. అక్బరు కాలంలో అబ్బాస్ ఖాన్ సర్వానీ రాసిన చరిత్ర ప్రకారం రెండేసి కోసులకు ఒక సరాయి ఉండేది. హిందువులకూ ముస్లింలకూ బసలు వేరు. గుమ్మం దగ్గర నీళ్ల కుండలు నింపి ఉంచేవారు. హిందూ ప్రయాణికులకు వేణ్ణీళ్లు, చన్నీళ్లు, పడక, వంట, గుర్రాలకు దాణా చూడడానికి బ్రాహ్మణులను నియమించారు. సరాయిలో అడుగుపెట్టిన ప్రతివాడికీ అతని హోదాను బట్టి సర్కారు ఖర్చుతో భోజన సామగ్రి ఇవ్వాలన్నది కట్టుబాటు. మధ్యలో బావి, మసీదు. కాపలాదారుల జీతాలు దగ్గరి భూముల రాబడిలోంచి వచ్చేవి. దారిలో దొంగతనం జరిగితే ఆ ఊరి పెద్దలే బాధ్యులు. ఈ చివరి నియమం కఠినంగా కనిపించవచ్చు కానీ సరాయి గోడ కంటే ప్రయాణికుణ్ణి ఎక్కువగా కాపాడింది అదే అయి ఉండాలి.

1605లో గద్దెనెక్కిన వెంటనే జహంగీరు ఇచ్చిన పన్నెండు ఆజ్ఞల్లో ఒకటి దొంగల భయమున్న నిర్జన బాటల గురించి. అక్కడి జాగీర్దార్లు సరాయి, మసీదు, బావి కట్టించాలి, జనం కుదురుకునేలా చూడాలి. దాని వెంటే మరో ఆజ్ఞ: వర్తకుల మూటలను వారి అనుమతి లేకుండా దారిలో ఎవరూ విప్పరాదు. నగరాల్లో అనుమానం మరోవైపు నుంచి వచ్చింది. ముక్కూమొహం తెలియని కొత్తవారిని ప్రత్యేకించిన సరాయిలోనే దింపాలని అక్బరు కాలపు పాలనా గ్రంథం ఐన్-ఎ-అక్బరీ నగర భద్రత చూసే కొత్వాలు విధుల్లో చేర్చింది. అంటే విడిది ప్రయాణికుడికి రక్షణ, పాలకుడికి నిఘా. ఈ రెండు పనులూ అప్పటి నుంచి విడిపోలేదు.

సరాయి లోపల రాత్రి ఎలా గడిచేదో ఇటలీ నుంచి వచ్చిన నికొలావ్ మనూచీ రాశాడు. కోటలాంటి గోడలు, బలమైన తలుపులు. పెద్దవాటిలో ఎనిమిది వందల నుంచి వెయ్యి మంది దాకా, గుర్రాలతో ఒంటెలతో సహా, పట్టేవారు. ఇవి ప్రయాణికులకే, సైనికులు వీటిలో దిగేవారు కారు. పొద్దుగూకాక తలుపులు మూసేవారు. తెల్లవారి వాటిని తెరిచే ముందు కాపలాదారు మూడుసార్లు గట్టిగా కేకవేసి, ఎవరి సామాను వారు చూసుకోమని హెచ్చరించేవాడు. ఎవరిదైనా పోయిందని తేలితే అది దొరికేదాకా తలుపు తీయరు. కాగితం అక్కర్లేని నియమం ఇది, దొంగ లోపలే ఉంటాడన్న లెక్క మీద నడిచింది. ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ మాత్రం మామూలు సరాయిల్లో మనుషులూ పశువులూ కలిసి ఉండే తీరును ఈసడించుకున్నాడు. అదే బెర్నియర్ ఢిల్లీలో మొఘల్ రాకుమారి జహనారా కట్టించిన బేగం సరాయిని చూసి, ఇటువంటివి పారిస్‌కు కావాలని కోరుకున్నాడు.

దక్కనులో గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే బాట కుతుబ్‌షాహీల వర్తకానికి ప్రాణం. దాని మీదనే హయాత్‌నగర్ మసీదు ఉంది. చుట్టూ కమానుల గదులు బాటసారుల బస. గోల్కొండ దగ్గరి షేక్‌పేటలో రెండంతస్తుల సరాయి ఇప్పటికీ నిలిచి ఉంది. హైదరాబాద్–విజయవాడ మధ్య 65వ నంబరు జాతీయ రహదారి నేటికీ హయాత్‌నగర్ మీదుగానే పోతుంది.

దక్షిణాదిలో సత్రానిది వేరే దారి. సరాయి వెనుక సర్కారు, వర్తకం ఉంటే, సత్రం వెనుక దాత, దైవం ఉండేవారు. దాత భూమి రాసిచ్చేవాడు. ఆ భూమి పంటతో అన్నదానం, దీపం, కాపలా సాగేవి. నియమాలు దాత ఇష్టం. బ్రాహ్మణులకే భోజనం పెట్టేవి కొన్ని, ఒక్క కులానికే గదులు ఇచ్చేవి కొన్ని. మూడు రోజులకు మించి ఉండరాదన్న అలవాటు చాలాచోట్ల ఉండేది. యాత్రికుడు నివాసి కాకుండా ఆపడానికి అంతకంటే తేలికైన మార్గం లేదు.

రామేశ్వరం బాటలో తంజావూరు మరాఠా రాజుల ఛత్రాల గురించి రెండో శరభోజి 1801లో బ్రిటిష్ రెసిడెంటుకు రాసిన లేఖ ఈ చరిత్రలో అపురూపమైనది. బ్రాహ్మణుడి నుంచి పరయ దాకా ఏ కులం యాత్రికుడికైనా వండిన అన్నం పెడతారనీ, వండినది తినని వారికి బియ్యం, సంభారాలు ఇస్తారనీ ఆయన వివరించాడు. వడ్డన అర్ధరాత్రి దాకా సాగుతుంది. అప్పుడు గంట కొట్టి, ఇంకా తినని వారెవరైనా ఉంటే రమ్మని చాటుతారు. జబ్బుపడి కదలలేని వారికి వైద్యుడు, పథ్యం, ఛత్రంలోనే కన్నుమూస్తే వారి కులాచారం ప్రకారం అంత్యక్రియలు, పసివాళ్లకు పాలు, గర్భిణులకు ప్రత్యేక పోషణ. తన రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయినా ఈ ఛత్రాలు మాత్రం తన అజమాయిషీలోనే ఉండాలని శరభోజి పట్టుబట్టడానికి కారణం ఈ వివరాల్లోనే తెలుస్తుంది.

అందరు దాతల వారసులకూ ఆ శ్రద్ధ లేదు. మాన్యం తిని సత్రాన్ని పాడుపెట్టినవారు ఉన్నారు. మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. దేవాలయాలు, మసీదుల మాన్యాలతోపాటు వంతెనలు, సత్రాల కోసం ఇచ్చిన భూముల రాబడి ఆ పనికే ఖర్చవుతోందో లేదో చూసే బాధ్యత రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. తర్వాతి కాలంలో చాలా సత్రాలు స్థానిక బోర్డుల నిర్వహణలోకి వెళ్లాయి. సత్రం లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదాని జోలికి ఆ రెగ్యులేషన్ పోలేదు. దానికి కావలసింది లెక్కలు.

ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న బయలుదేరి, కడప, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్‌ల మీదుగా కాశీకి వెళ్లి మరుసటి ఏడు తిరిగి వచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీకీ ఒకటే ఆరా: నీళ్లు బాగున్నాయా, సామాన్లు దొరుకుతాయా, దిగడానికి సత్రమో చావడో తోపో ఉందా. పెద్ద పరివారంతో వెళ్లేవాడికి సత్రం నియమాల కంటే దాని వైశాల్యమే ముఖ్యం. గోదావరి లంకల్లో దీనికి పూర్తి భిన్నమైన విడిది ఒకటి నడిచింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఇల్లు దారిన పోయేవారందరికీ అన్నం పెట్టింది. వేళకాని వేళ వచ్చినవారినీ ఆకలితో పంపలేదని ఆమెకు పేరు.

గోడకు అంటించిన నియమాలతో తొలిగా నడిచిన విడిది డాక్ బంగళా. 1840ల నుంచి గ్రాండ్ ట్రంక్ రోడ్డు వెంట, ఆ తర్వాత ఇతర బాటల మీద ఇవి వెలిశాయి. మద్రాసు రాజధానిలో వీటినే ట్రావెలర్స్ బంగళాలనేవారు. మనిషికి రోజుకు రూపాయి అద్దె. ఇరవై నాలుగు గంటలు గడిచాక కొత్త ప్రయాణికుడు వస్తే పాతవాడు గది ఖాళీ చేయాలి. వచ్చిన వేళ, పోయిన వేళ, చెల్లించిన సొమ్ము, నౌకర్ల మీద ఫిర్యాదులు అన్నీ అక్కడి పుస్తకంలో రాయాలి. ఆచరణలో ఇవి తెల్లదొరల, సర్కారు అధికారుల విడిదులు. రూపాయి అద్దె మామూలు బాటసారి ఊహకు అందేది కాదు. వానొస్తే అతనికి చెట్టో, సత్రం అరుగో గతి.

మామూలు జనం దిగే సరాయిల మీద ప్రభుత్వం దృష్టి పడింది 1867లో. ఆ ఏటి సరాయిల చట్టం ఉత్తరాది సరాయిలనూ, బాటసారులు దిగే పడావులనూ దృష్టిలో పెట్టుకుని తయారైంది. ప్రతి సరాయీ జిల్లా మేజిస్ట్రేటు దగ్గర నమోదు కావాలి. కాకుండా ప్రయాణికులను దించుకోరాదు. నిర్వాహకుడు మంచి నడత ఉన్నవాడని ధ్రువపత్రం చూపించకపోతే నమోదు నిరాకరించవచ్చు. ఏడో సెక్షన్ అతని విధులను చెబుతుంది. అంటురోగం వచ్చినా, దానితో ఎవరైనా చనిపోయినా వెంటనే పోలీసు స్టేషనుకు కబురు పెట్టాలి. గదులు, వసారాలు, మురుగు కాలువలు, నీటి బావులు శుభ్రం చేయించాలి. దొంగలు ఎక్కి దిగడానికి వీలైన చెట్లనూ కొమ్మలనూ కొట్టించాలి. గోడలు, తలుపులు మరమ్మతులో ఉంచాలి, కాపలావాళ్లను పెట్టాలి. అద్దె పట్టికను మేజిస్ట్రేటు చెప్పిన భాషల్లో అందరికీ కనిపించేలా తగిలించాలి. కోరినప్పుడు రాత్రి దిగినవారి వివరాలు రాసి పంపాలి. తప్పితే ఇరవై రూపాయల దాకా జరిమానా. మూడోసారి శిక్ష పడితే సరాయి నడిపే అర్హతే పోతుంది.

ఈ చట్టం ప్రకారం ఏ హోటలైనా దారిన పోయేవాడికి ఉచితంగా మంచినీళ్లివ్వాలన్న మాట నేటికీ తరచూ వినిపిస్తుంది. ఏడో సెక్షన్ విధుల్లో అది లేదు. అక్కడ ఉన్నది నీటి వనరు శుభ్రంగా ఉండాలన్న షరతు. ఆ విధుల్లో సగం కలరా భయం, సగం దొంగల భయం. ప్రయాణికుడికి నేరుగా పనికొచ్చేది బహుశా ఒక్క అద్దె పట్టికే.

రైళ్లు వచ్చాక బాట విడిదులు వెలవెలబోయాయి. రోజుల ప్రయాణం గంటలకు కుదించుకుపోయింది. కొత్త సత్రాలు స్టేషన్ల దగ్గరకు చేరాయి. మద్రాసు సెంట్రల్ ఎదుటి రామస్వామి మొదలియార్ చౌల్ట్రీ అటువంటిదే. కులాల పేరిట సత్రాలు కట్టడం మాత్రం ఆగలేదు, తీర్థాల్లో ఇప్పటికీ సాగుతోంది.

ప్రవేశం ప్రశ్నకు చట్టం సూటిగా జవాబు చెప్పింది స్వాతంత్ర్యం తర్వాతే. రాజ్యాంగం పదిహేనో అధికరణం హోటళ్లు, బావులు, రోడ్ల వాడకంలో మతం, కులం పేరిట ఆంక్షలు చెల్లవంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకా లోపలికి వెళ్లింది. హోటలు, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాల్లో జనం వాడకానికి ఉంచిన పాత్రలను అస్పృశ్యత పేరిట ఎవరికైనా నిరాకరించడం నేరమని నాలుగో సెక్షన్ చెప్పింది. షేర్ షా గుమ్మం దగ్గరి నీళ్ల కుండ తర్వాత పాత్రల గురించి ఇంత స్పష్టంగా చెప్పిన నియమం మరొకటి కనబడదు. 1976లో ఈ చట్టానికి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. గ్లాసుల వివక్ష మాత్రం కొన్ని ఊళ్ల టీ కొట్లలో ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది.

లారీల కాలంలో విడిది అంటే ధాబా. భోజనం చేసినవాడికి నులక మంచం ఉచితం, లారీ నిలుపుకోవడానికి జాగా ఉచితం. ఇంతకు మించి నియమం లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదు గంటల పని తర్వాత అరగంటైనా విరామం ఇవ్వాలంది. ఆ అరగంట ఎక్కడ గడపాలో చూసే బాధ్యత చాలాకాలం ఎవరూ తీసుకోలేదు. స్నానానికి ధాబా తొట్టి, నిద్రకు లారీ కిందే చోటు. ఆడవాళ్లకు అదీ లేదు. హైవే మీద ఏ నియమం గురించి మాట్లాడినా మొదట రావలసింది మరుగుదొడ్డి. పుణ్యం కోసం కట్టిన సత్రాలు కానీ, లాభం కోసం పెట్టిన ధాబాలు కానీ దాన్ని చివరి మాటగానే చూశాయి.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు రహదారులకు ఐదు వందల మీటర్ల లోపు మద్యం అమ్మరాదని తీర్పునిచ్చింది. తర్వాత చిన్న ఊళ్ల విషయంలో ఆ దూరాన్ని తగ్గించింది. 2021లో జాతీయ రహదారుల సంస్థ ముప్పై నుంచి యాభై కిలోమీటర్లకు ఒకటి చొప్పున, ఐదేళ్లలో ఆరు వందలకు పైగా చోట్ల దారి పక్క వసతులు కట్టించే ప్రణాళిక ప్రకటించింది. ఇంధనం, భోజనశాల, మరుగుదొడ్లు, పిల్లల ఆటస్థలం, డ్రైవర్లకు పడక గదులు అందులో భాగం. నిర్వహణ ప్రైవేటు వారిది. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన హమ్‌సఫర్ విధానం ధాబాలు, హోటళ్లు, పెట్రోలు బంకులను కూడా ఈ చట్రంలోకి తెచ్చింది. శుభ్రమైన మరుగుదొడ్లు, పసిపిల్లల గది, చక్రాల కుర్చీకి దారి, విద్యుత్ వాహనాల చార్జింగ్, పార్కింగ్ ఉన్నవాటిని నమోదు చేస్తారు. వాటికి మార్కులు వేసే అధికారం రాజ్‌మార్గ్ యాత్ర యాప్ ద్వారా ప్రయాణికుడికే ఇచ్చారు.