ఐసీ 814 హైజాక్: అమృత్‌సర్‌లో ఆ 50 నిమిషాలు.. సర్కారు చెప్పింది నిజమేనా?

కాందహార్ హైజాక్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ముగ్గురు ఉగ్రవాదుల విడుదల. అయితే అంతకంటే ముందే ఆ విమానం మన గడ్డపై దాదాపు 50 నిమిషాలు ఆగింది. అప్పుడే ఎందుకు ఆపలేకపోయారు? పాతికేళ్లు దాటినా ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు.

అసలేం జరిగింది?

1999 డిసెంబర్ 24 సాయంత్రం. కాఠ్‌మాండూ నుంచి దిల్లీ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఐదుగురు దుండగులు హైజాక్ చేశారు. విమానంలో దాదాపు 190 మంది ఉన్నారు. లాహోర్‌లో దిగేందుకు మొదట పాకిస్థాన్ ఒప్పుకోలేదు. ఇంధనం అయిపోతుండటంతో రాత్రి 7 గంటల సమయంలో అమృత్‌సర్‌లో దించారు.

ఇంధన ట్యాంకర్ ఆలస్యం కావడంతో హైజాకర్లకు అనుమానం వచ్చింది. ప్రయాణికులను చంపేస్తామని బెదిరించారు. దీంతో ఇంధనం నింపకుండానే కెప్టెన్ దేవీ శరణ్ టేకాఫ్ చేయాల్సి వచ్చింది. అక్కడి నుంచి లాహోర్, దుబాయ్ దగ్గరి ఎయిర్‌బేస్, చివరికి తాలిబన్ల చేతిలో ఉన్న కాందహార్. దుబాయ్‌లో 20 మందికి పైగా విడుదలయ్యారు. హైజాకర్లు కత్తితో పొడిచి చంపిన ఓ ప్రయాణికుడి మృతదేహాన్నీ అక్కడే దించారు.

సర్కారు మాట ఏంటి?

ఎన్ఎస్‌జీ కమాండోలు చేరుకునేలోపే విమానం ఎగిరిపోయిందన్నది ప్రభుత్వ వాదన. బలప్రయోగం చేస్తే ప్రయాణికుల ప్రాణాలకే ముప్పని కూడా చెప్పారు.

మరి డౌట్ ఎక్కడ?

విమానాన్ని ఎలాగైనా ఆపాలని దిల్లీలోని క్రైసిస్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనుకుంది. కానీ స్పష్టమైన ఆర్డర్ మాత్రం రాలేదన్నది పంజాబ్ పోలీసుల వైపు మాట. అప్పటి రా చీఫ్ ఏఎస్ దులత్ కూడా అమృత్‌సర్‌లో తప్పు జరిగిందని, ఎవరూ నిర్ణయం తీసుకోలేకపోయారని తర్వాత ఒప్పుకున్నారు. అంటే కమాండోలు లేట్ అవ్వడం ఒక్కటే కారణం కాదన్నమాట!

రెండో ప్రశ్న కాందహార్ డీల్‌ది. డిసెంబర్ 31న మసూద్ అజర్, ఒమర్ షేక్, ముస్తాక్ జర్గర్‌లను వదిలేశారు. విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్ స్వయంగా కాందహార్ వెళ్లారు. ఆయన వెళ్తున్న సంగతి తనకు తెలియదని అప్పటి హోం మంత్రి ఎల్‌కే అద్వానీ 2008లో అన్నారు. కానీ నిర్ణయం తీసుకున్నప్పుడు అద్వానీ కూడా ఉన్నారని జస్వంత్ చెప్పారు. ఒకే కేబినెట్‌లోని ఇద్దరు సీనియర్లది చెరో మాట!

ఇది మాత్రం ఒట్టి పుకారే

2024లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో హైజాకర్లను భోలా, శంకర్ అని పిలవడంపై పెద్ద రచ్చే జరిగింది. నిజానికి అవి విమానంలో వాళ్లు వాడుకున్న మారు పేర్లే. చీఫ్, డాక్టర్, బర్గర్ అనేవీ అంతే. ఐదుగురూ పాకిస్థానీలేనంటూ 2000 జనవరి 6నే హోం శాఖ అసలు పేర్లు బయటపెట్టింది. వివాదం తర్వాత నెట్‌ఫ్లిక్స్ కూడా సిరీస్ మొదట్లో అసలు పేర్లు చేర్చింది. కాబట్టి ఈ విషయంలో దాచిందేమీ లేదు.

ఇప్పుడెందుకు ఈ చర్చ?

విడుదలైన మసూద్ అజర్ 2000లో జైషే మహమ్మద్ పెట్టాడు. 2019లో పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లను బలితీసుకున్నది ఆ సంస్థే. హైజాక్‌లో ఎవరైనా చనిపోతే మరణశిక్ష వరకూ వేసేలా 2016లో కొత్త చట్టం తెచ్చారు. చట్టం మారింది సరే.. ఆ 50 నిమిషాల్లో ఆర్డర్ ఇవ్వాల్సింది ఎవరు? బాధ్యత ఎవరిది? బందీలుగా ఉన్నవాళ్లకు, ప్రాణం పోయిన ప్రయాణికుడి కుటుంబానికి ఆ జవాబు ఇంకా బాకీనే.