అరిగిన డబ్బు, అరుగని డబ్బు

తెలుగువారికి నేడు 'డబ్బు' అనగా ధనమంతయు. ఒకప్పుడు అది యొక రాగి నాణెమునకు పేరు. బందరు టంకశాల డబ్బులు ఉత్తర సర్కారులలో విరివిగా చెల్లుచుండెడివి.

1765లో ఈ సర్కారులపై కుంపిణీవారు మొగలు పాదుషా ఫర్మానా పొందిరి. తరువాత మన సీమకై 1794, 1797 సంవత్సరములు వేసిన క్రొత్త రాగి నాణెములు ఇంగ్లండునుండి వచ్చినవి. బర్మింగుహాము చేరువ సోహోలో మాథ్యూ బౌల్టను ఆవిరియంత్రములతో నడపిన టంకశాలలో అవి తయారైనవి. రూపాయకు నలుబదియెనిమిది యని వానిపై ఆంగ్లమున వ్రాసియుండును. సగము విలువ గలవి రూపాయకు తొంబదియారు. సమ్మెటదెబ్బకు వంకరపోయిన డబ్బుల నెరిగిన సంతలో ఈ నిండు గుండ్రని బిళ్ళలు వింతగనే తోచియుండును.

అట్టి బిళ్ళ నేడు అమ్మకమునకు వచ్చినచో మొదటి ప్రశ్న దాని తరగతి. పూర్వపు సరాబు నాణెమును మ్రోగించి, తూచి, వట్టము కట్టెడివాడు. అతనికి కావలసినది లోహము. నేటి పరీక్షకుడు చూచునది అరుగుదల. లాంఛనమందలి సింహములవంటి ఎత్తైన భాగములు ముందుగా నరుగును గనుక అతని దృష్టి మొదట అచ్చటనే నిలుచును. ఐతే పరీక్షకులందరి కొలబద్దయు నొకటి కాదు. ఇంగ్లండు వర్తకులు చిరకాలము మాటలతోనే తరగతి చెప్పిరి. అమెరికాలో విలియం షెల్డను 1949లో ఆ దేశపు పాత రాగి సెంట్లకై ఒకటి మొదలు డెబ్బదివరకు అంకెలు కట్టెను. డెబ్బది అంకెగల నాణెము ఒకటి అంకెగలదానికి డెబ్బది రెట్లు వెలచేయునని అతని లెక్క. ఆ వెలలు ఎన్నడో తారుమారైనవి. అంకెలు మాత్రము నిలిచినవి! 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అను సంస్థలు వెలసి, ఆ అంకెలతోనే నాణెములను పారదర్శకమైన పెట్టెలలో బిగించి ముద్రవేయసాగినవి. ఇంగ్లండులో తరువాత పుట్టిన ఒక సంస్థ నూటికి లెక్కకట్టెను. ఇంగ్లండులో 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్' అనిపించుకొన్నది అమెరికాలో తరచుగా ఒక మెట్టు పైకెక్కును. ఒకే నాణెమును పెట్టె పగులగొట్టి మరల పంపగా వేరొక అంకె వచ్చుటయు కలదు.

ఇంతకన్న విచిత్రమైన సంగతి యొకటి చెప్పెదను. చెన్నపట్టణమునకు 1808 నాటి రాగి కాసులు తెచ్చుచున్న 'అడ్మిరల్ గార్డనర్' ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరపు గుడ్విన్ ఇసుకమేటలపై మునిగినది. 1980ల దశకమున ఆ కాసులు పైకి తీయబడినవి. వానిలో బాగుగా నిలిచినవి నేడు మంచి తరగతి పొందుచున్నవి. అవి ఒక్క సంతయు చూడలేదు, ఒక్క కూలివాని మొలలోను దోపబడలేదు. రాజమహేంద్రవరపు అంగళ్ళలో చేతులు మారి నున్ననైన బిళ్ళకు మాత్రము అట్టడుగు తరగతి. కొనువానికి ఈ కొలత సబబే, చరిత్రకారునికి సరిపడదు. ఏ నాణెము నిజముగా చెల్లినదో అతనికి చెప్పునది ఆ అరుగుదలయే గదా.

మన ఇండ్లలో వేరొక హాని జరుగుచున్నది. పాత రాగి దొరికినంతనే చెంబువలె చింతపండుతో తోముదురు. పులుసు లోహపు పైపొరను తినివేయును. పరీక్షకుడు వెంటనే కనిపెట్టి, అంకె వేయక 'శుభ్రపరుపబడినది' అని వ్రాసి పంపును. తోమకుండుటయే మేలు.

నాణెము ఎచ్చట దొరకినదో ఆ ముద్రపెట్టె సామాన్యముగా చెప్పదు. మన 1878 నాటి నిక్షేపముల చట్టము మాత్రము దానినే అడుగును: పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరకినవాడు, దొరకిన తావును తేదీని తెలుపుచు కలెక్టరునకు వ్రాయవలెను.