నగేష్ కుకునూర్ చిత్రప్రస్థానం: స్వతంత్ర సినిమా, భాషా ప్రశ్న

తెలుగు సినిమా చరిత్ర రచనకు భాషే ప్రధానమైన హద్దుగా నిలిచింది. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ మొదలుకొని తెలుగు సంభాషణలతో వచ్చిన చిత్రాలే ఆ చరిత్రలో చోటు పొందాయి. ఈ ప్రమాణం సౌకర్యమైనదే కాని, దానివల్ల కొన్ని చిత్రాలు ఏ చరిత్రకూ చెందకుండా మిగిలిపోయాయి. నగేష్ కుకునూర్ తొలి చిత్రం ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) వాటిలో ముఖ్యమైనది. దాని నేపథ్యం హైదరాబాదు, కథానాయకుని కుటుంబం తెలుగు కుటుంబం, దర్శకుడు తెలుగువాడు. అయినా సంభాషణల్లో అధిక భాగం ఇంగ్లీషులో ఉన్నందువల్ల అది తెలుగు చిత్రాల పట్టికలో చేరలేదు. కుకునూర్ చిత్రప్రస్థానాన్ని ఈ కోణం నుంచి పరిశీలిస్తే, స్వతంత్ర నిర్మాణానికీ చిత్రభాషకూ మధ్య ఉన్న సంబంధం స్పష్టమవుతుంది.

కుకునూర్ 1967లో హైదరాబాదులో జన్మించారు. తమిళనాడులోని ఏర్కాడులో ఆశ్రమ పాఠశాల విద్య, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగు చదువు పూర్తిచేసి, అమెరికాలోని జార్జియా టెక్‌లో పర్యావరణ ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టా పొందారు. అట్లాంటాలో ఉద్యోగం చేస్తూనే నటన, దర్శకత్వాలలో శిక్షణ తీసుకున్నారు. ఆ ఉద్యోగంలో కూడబెట్టిన సొమ్ముతో హైదరాబాదుకు తిరిగివచ్చి తొలి చిత్రాన్ని తీశారు. సుమారు 17 లక్షల రూపాయల వ్యయంతో, 17 రోజుల్లో చిత్రీకరణ ముగిసిందని ప్రసిద్ధి. రచన, దర్శకత్వం, ప్రధాన పాత్ర ఆయనవే. తక్కిన నటుల్లో ఎక్కువమంది సినిమా వృత్తికి కొత్తవారు. పేరున్న తారలు గాని, పెద్ద నిర్మాణ సంస్థ గాని లేని ఈ చిత్రం నగరాల ప్రేక్షకుల ఆదరణ పొంది, ఇంగ్లీషులో తీసే భారతీయ చిత్రాలకు ఒక విపణి ఉందని నిరూపించింది.

కథ సరళమైనది. పన్నెండేళ్లు అమెరికాలో గడిపిన వరుణ్ నాయుడు సెలవుమీద ఇంటికి వస్తాడు. తల్లిదండ్రులు పెళ్లి సంబంధాలు చూస్తుంటారు. అతడు అశ్వినీ రావు అనే వైద్యురాలిని ఇష్టపడతాడు. అమెరికాలో అలవడిన స్త్రీపురుష స్నేహ పద్ధతులను ఇక్కడా ఆశిస్తాడు. స్వదేశంలో పరాయివాడైన మనిషి ఇబ్బందే చిత్రానికి హాస్యవస్తువు.

వస్తువు కంటే భాషావినియోగం చారిత్రకంగా ఎక్కువ విలువైనది. ఇంట్లో పెద్దల మాటల్లో తెలుగు వినిపిస్తుంది. మిత్రుల మధ్య ఇంగ్లీషు, హిందీ కలగలుస్తాయి. ప్రేమ, వివాదం, ఆత్మసమర్థన వంటి సందర్భాలు ప్రధానంగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. ఇది ఒక వర్గపు నిత్యజీవితంలో భాషలు పంచుకున్న స్థానాల చిత్రణ. 1990ల నాటి విద్యావంతుల తెలుగు ఇంటిలో మాతృభాష పెద్దల భాషగా, పెళ్లిమాటల భాషగా కుదించుకుపోతున్న స్థితిని ఈ చిత్రం, బహుశా ఉద్దేశించకుండానే, నమోదు చేసింది. అదే కాలపు తెలుగు వ్యాపార చిత్రాల్లో అమెరికా నుంచి వచ్చిన పాత్ర సైతం పూర్తి తెలుగులో మాట్లాడవలసిందే. ఆ చిత్రాలు దాచిన వాస్తవం ఇక్కడ బయటపడింది.

ఈ చిత్రానికి పరిమితులు లేకపోలేదు. దీనిలోని హైదరాబాదు ఇంగ్లీషు చదువుకున్న మధ్య, ఉన్నత తరగతుల హైదరాబాదు. తిరిగివచ్చినవాని చూపులో సంప్రదాయం ఎక్కువగా పరిహాసపాత్రమవుతుంది. పెద్దల తరపు వాదానికి తగినంత బలం చేకూరలేదు. తెలుగు భాష కూడా ఆ పరిహాసపు పరిధిలోకే వచ్చిందని ఆక్షేపించవచ్చు. అయితే ఈ ఆక్షేపణ చిత్రాన్ని చరిత్ర నుంచి తొలగించడానికి కారణం కాజాలదు. దానిని చర్చలోకి తీసుకోవడానికే అది కారణం కావాలి.

పూర్వ చరిత్రతో పోల్చితే ఒక వైచిత్రి కనిపిస్తుంది. మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977), గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ చిత్రాలను బెంగాల్ నుంచి వచ్చిన దర్శకులు తెలుగులో తీశారు. అవి తెలుగు సమాంతర సినిమాకు మూలస్తంభాలుగా గౌరవం పొందాయి. హైదరాబాదు ప్రాంతంలో పుట్టి పెరిగిన శ్యామ్ బెనగల్ తెలంగాణ జీవితాన్ని ‘అంకుర్’ (1974)లో హిందీ, దక్కనీ మాటలతో చెప్పగా అది హిందీ సినిమా ఖాతాలో చేరింది. కుకునూర్ ఉదంతం ఈ రెండవ కోవకు చెందుతుంది. ఆయన తర్వాత రెండేళ్లకు శేఖర్ కమ్ముల అమెరికా ప్రయాణపు ఆశలనే వస్తువుగా ‘డాలర్ డ్రీమ్స్’ (2000) తీసి, తొలి చిత్ర దర్శకునిగా జాతీయ పురస్కారం పొందారు. తిరిగివచ్చినవాని కథ, వెళ్లదలచినవారి కథ ఒకే సామాజిక పరిణామానికి రెండు ముఖాలు. వాటిని కలిపి చదివే అవకాశాన్ని భాషాప్రమాణం అడ్డుకుంటున్నది.

‘రాక్‌ఫోర్డ్’ (1999) తర్వాత కుకునూర్ క్రమంగా హిందీ చిత్రరంగంలో స్థిరపడ్డారు. ‘బాలీవుడ్ కాలింగ్’ (2001)లో దిశ తారుమారై, ఒక అమెరికన్ నటుడు హిందీ సినిమాలో వేషానికి భారతదేశం వస్తాడు. 2004లో వచ్చిన ‘హైదరాబాద్ బ్లూస్ 2’లో వరుణ్ ఈ నగరంలోనే కాల్ సెంటర్ నిర్వహిస్తుంటాడు. ఆరేళ్లలో అమెరికా తానే హైదరాబాదుకు పనిరూపంలో వచ్చిందన్న మాట. ముంబయి నిర్మాణ సంస్థ పెట్టుబడితో వచ్చిన ‘ఇక్బాల్’ (2005)లో వినికిడి, మాట లేని గ్రామీణ యువకుడు ఆంధ్ర రంజీ జట్టులో చోటు సంపాదిస్తాడు. అయితే అతని చుట్టూ ఉన్న లోకం మాట్లాడేది హిందీ. ‘లక్ష్మి’ (2014) తెలుగు నేలపై ఆడపిల్లల అక్రమ రవాణాను చిత్రించింది. ఆ బాలిక కూడా హిందీలోనే మాట్లాడుతుంది. తొలి చిత్రంలో అంచున నిలిచిన తెలుగు ఈ చిత్రాల్లో దాదాపు అదృశ్యమైంది. జాతీయ విపణికి ఒకే భాష కావాలి. బహుభాషా వాస్తవికత దానికి అడ్డంకి.

2022లో కీర్తి సురేష్ ప్రధాన పాత్రగా వచ్చిన ‘గుడ్ లక్ సఖి’తో కుకునూర్ తెలుగులో తొలిసారి పూర్తిస్థాయి చిత్రం తీశారు. తుపాకి గురిపోటీల్లో నెగ్గే గ్రామీణ యువతి కథ అది. భాష తెలుగయింది గాని, తారాబలం, క్రీడాకథల పరిచిత చట్రం దానిని వ్యాపార చిత్రాల పంక్తిలో చేర్చాయి. హిందీకైనా తెలుగుకైనా విపణి పెట్టిన షరతు ఒక్కటే, ఏకభాష.

దీన్నిబట్టి, కుకునూర్ స్వాతంత్ర్యం ఆర్థికమైనంతగా భాషాపరమైనదని గ్రహించవచ్చు. సొంత సొమ్ముతో తీసిన చిత్రంలోనే ఆయన పాత్రలు తమ జీవితంలో మాట్లాడే విధంగా మాట్లాడాయి. ‘హైదరాబాద్ బ్లూస్’ తెలుగు సినిమా కాకపోవచ్చు. కాని ఒక తరం తెలుగువారు తమ భాషకు ఇచ్చిన స్థానమేమిటో తెలిపే ఆధారం అది. తెలుగు భాషాసమాజ చరిత్రను అధ్యయనం చేసేవారు ఆ ఆధారాన్ని విస్మరించడం తగదు.